జట్టు కూర్చు విద్య



నలుగురు కూడి చేయవలసిన పనిని ఆ నలుగురిచేతను చేయించుట యొక విద్య. నేడు దీనికి శాస్త్రప్రతిపత్తి కలిగినది. ఆటల జట్లకు శిక్షకుడు, అనగా కోచ్, ఒకడుండును. ఆటగాండ్ర మనస్సుల పోకడను కనిపెట్టి చెప్పుటకు మనస్తత్వశాస్త్రజ్ఞుడు వేరొకడుండును. 1925వ సంవత్సరమున అమెరికాదేశములోని ఇల్లినాయి విశ్వవిద్యాలయమున కోల్మన్ గ్రిఫిత్ అను నాచార్యుడు ఆటగాండ్ర శరీరములతోపాటు మనస్సులను గూడ పరిశీలించు ప్రయోగశాలను నడుప నారంభించి, మరుసటి యేడు శిక్షకుల కొరకు గ్రంథమును ప్రకటించెను. శాస్త్రము క్రొత్తదే గాని విషయము క్రొత్తది కాదు. మన విజయనగరపు చరిత్రలోనే దీనికి గొప్ప నిదర్శనము కలదు. అది మంచికి నిదర్శనము కాకపోవుటచే మనవారు దానిని ముచ్చటించుటకు వెనుకాడుదురు. ఈ పూట నేను వెనుకాడదలచలేదు.

ముందుగా త్రాటి సంగతి. ఫ్రాన్సుదేశపు వ్యవసాయశాస్త్రవేత్త యగు రింగెల్మన్ అనునాతడు మనుష్యులచేత మోకులు లాగించి, వారి బలమును యంత్రముతో కొలిచి, ఆ ఫలితములను 1913లో ప్రకటించెను. ఒక్కడే లాగునపుడు వాని బలము నూరు పాళ్ళనుకొన్నచో, ఎనిమిదిమంది కలిసి లాగునపుడు ఒక్కొక్కని వంతు ఇంచుమించు సగమునకు దిగిపోయెనట! తేరు లాగి యెరిగిన మీకిది వింతగా నుండదు. మోకుపై చేయి వేసినవారందరును లాగువారు కారు. కొందరు మోకును పట్టుకొని నడుచువారు మాత్రమే. అయితే లాగుటలో పొందిక కుదరక బలము వ్యర్థమగుచున్నదా, లేక మనసే వెనుకకు తగ్గుచున్నదా అను సందేహము మిగిలెను. 1974లో అమెరికాదేశమున కొందరు పండితులు దీనిని మరల పరీక్షించిరి. ఒకని కండ్లకు గంతలు కట్టి, ముందు నిలిపి, వాని వెనుక కొందరిని లాగుచున్నట్లు నటింపజేసిరి. నిజమునకు లాగుచున్నవాడు వాడొక్కడే. అయినను వెనుక పదుగురున్నారను తలంపు కలిగినంతనే వాని బలము తగ్గెను. కావున తగ్గినది చేయి మాత్రమే కాదు, మనసు.

రామతీర్థమున నివసించువాడను గావున నాకీ సందర్భమున రామకథ స్ఫురింపక మానదు. కిష్కింధాకాండము చివర వానరులు సముద్రతీరమున దిగులుపడి కూర్చున్న ఘట్టము మీ రెరిగినదే. ఎవరెంత దూరము లంఘింపగలరో చెప్పుడని అంగదు డడిగెను. ఒకడు పది యోజనములనెను, ఒకడు ఇరువది యనెను. ముసలివాడైన జాంబవంతుడు తొంబది యనెను. అంగదుడు తాను నూరు దాటగలనుగాని తిరిగి వచ్చుట నిశ్చయము కాదని యొప్పుకొనెను. జాంబవంతు డాతనిని పోనీయక, ఒక మూల మాటలేక కూర్చున్న హనుమంతుని యొద్దకు పోయి, ఆతని పుట్టుకను ఆతని బలమును ఆతనికే జ్ఞప్తికి తెచ్చెను. లంఘనమును గూర్చి మనము వేయి హరికథలలో వినియున్నాము. నాకు ఆశ్చర్యము గొలుపునది అంతకు ముందటి సభ. పది యోజనములే యన్నవానిని చూచి ఎవరును నవ్వలేదు. నాయకుడు తన లోపమును తానే చెప్పుకొన్నను వాని గౌరవమునకు హాని కలుగలేదు.

ఇక ఇక్కడికి చేరువనే యున్న విజయనగరమునకు వత్తము. పూసపాటి రాజవంశమున 1905 డిసెంబరు 28వ తేదీన జన్మించిన విజయానంద గజపతిరాజుగారిని లోకము విజ్జీ యని పిలిచెను. క్రికెట్టు ఆటపై ఆయనకుగల అభిమానము సామాన్యమైనది కాదు. 1930-31 శీతకాలమున ఇంగ్లండునుండి హాబ్సు, సట్‌క్లిఫు అను మహాక్రీడాకారులను రప్పించి తన జట్టులో ఆడించుకొనెను. ఆటకై ఆయన వెచ్చించిన ధనమును, చేసిన ఉపకారమును కాదనరాదు. అయితే పోషకత్వము వేరు, నాయకత్వము వేరు.

ఈ భేదము తెలిసిన రాజొకడు ఆ కాలముననే యుండెను. 1932లో మన దేశపు జట్టు ఇంగ్లండునకు పోయినపుడు దాని నాయకుడు పోరుబందరు మహారాజు. ఆటలో తనకు గల శక్తి యెంతటిదో ఆయనకు బాగుగా తెలియును. జూన్ 25వ తేదీన లార్డ్సు మైదానమున మన దేశపు మొట్టమొదటి టెస్టు పోటీ ఆరంభమైనపుడు ఆయన తానుగా తప్పుకొనెను. ఉపనాయకుడు గాయపడియుండుటచే, నాగపురమున పుట్టిన తెలుగుబిడ్డ కొఠారి కనకయ్య నాయుడుగారు జట్టును నడపిరి. నాయుడుగారును కఠినుడే, అందరితోను పొసగిన మనిషి యని చెప్పజాలము. కాని ఆటలో ఆయన మాటకు ఎదురులేదు. మనవారు 158 పరుగుల తేడాతో ఓడినను, చూచినవారు మెచ్చుకొనునట్లుగా ఆడి ఓడిరి.

నాలుగేండ్లకు, 1936లో, నాయకత్వము విజ్జీగారికి దక్కెను. ఇది ఆటలోని నేర్పుచే గాక పలుకుబడిచే దక్కినదని క్రికెట్టు చరిత్రకారులు వ్రాయుచున్నారు. ఆయన ఆ పర్యటనలో మూడు టెస్టులాడి సాధించిన పరుగులు మొత్తము 33. నాయుడుగారు అదే జట్టులో ఆయన క్రింద ఆడవలసివచ్చెను. విజయ్ మర్చంటు, ముస్తాక్ అలీ, మహమ్మద్ నిస్సార్, అమర్ సింగు, లాలా అమర్‌నాథు మొదలగు ఉద్దండులు ఆ జట్టులో నుండిరి. అనగా కొరత బలమునందు లేదు.

జూన్ నెలలో లార్డ్సులో మైనరు కౌంటీల జట్టుతో ఒక పోటీ జరిగెను. అమర్‌నాథు కాళ్ళకు ప్యాడ్లు కట్టుకొని తన వంతునకై కూర్చుండగా, నాయకుడు ఆతనిని కాదని వేరొకరిని, మరల వేరొకరిని పంపుచు వచ్చెను. ప్రొద్దు గుంకు వేళకు అవకాశము దొరికి, ఆడి తిరిగివచ్చిన అమర్‌నాథు కోపము పట్టలేక తన సరంజామాను విసరివేసి, పంజాబీ భాషలో కొన్ని మాటలనెను. అంతే. నాయకుడును, కార్యనిర్వాహకుడగు మేజరు బ్రిటన్ జోన్సును కూడబలుకుకొని, మొదటి టెస్టునకు ముందే ఆతనిని ఓడ యెక్కించి స్వదేశమునకు పంపివైచిరి. అప్పటికి ఆ పర్యటనలో 600కు పైగా పరుగులు, 32 వికెట్లు సంపాదించియున్న ఆటగాడతడు! ఏ పిల్లవాడైన తరగతిలో పలక విసరినచో, ఎందుకు విసరెనని ముందడిగి తరువాత దండింపవలెనని మా వంటి బడిపంతుళ్ళకు సైతము తెలియును.

జూన్ 27న మొదలైన ఆ టెస్టులో అమర్ సింగు 35 పరుగులకు ఆరు వికెట్లు తీసెను. మన 147 పరుగులకు ఇంగ్లండు 134 పరుగులే చేసి వెనుకబడెను. గెలుపు చేతికందునట్లుండెను. రెండవసారి మనవారు 93 పరుగులకే కూలిరి. ఇంగ్లండు ఒక్క వికెట్టు పోగొట్టుకొని గెలిచెను. పంపివేయబడిన అమర్‌నాథు ఆనాడు ఓడపై నుండెను.

రెండవ టెస్టు మాంచెస్టరులో. మర్చంటు, ముస్తాక్ అలీ ఇరువురును కలిసి తొలి వికెట్టునకు 203 పరుగులు చేర్చిరి. ముస్తాక్ 112, మర్చంటు 114. ఆ యాటకు ముందు నాయకుడు ముస్తాక్‌ను చేరబిలిచి మర్చంటును రనౌటు చేయింపుమని సూచించెననియు, ముస్తాక్ ఆ మాటను మర్చంటుకే చెప్పగా ఇరువురును నవ్వుకొనిరనియు ప్రసిద్ధి. నాయుడుగారిని ఫలాహారపు బల్లకడ అవమానించినందుకు ఒకనికి టెస్టులో చోటు దొరకెనను మాటయు వాడుకలో కలదు. ఒక జట్టును గూర్చి ఇట్టి మాటలు నమ్మదగినవిగా తోచుటయే దాని స్థితిని తెలుపుచున్నది. మూడవ టెస్టులోను ఓటమియే.

తిరిగివచ్చిన పిదప బొంబాయి ప్రధానన్యాయమూర్తి సర్ జాన్ బోమంటు అధ్యక్షతను విచారణసంఘము కూర్చుండి 1937 జనవరిలో నివేదిక నిచ్చెను. నాయకునకు ఆటగాండ్రను మైదానమున నిలుపుటయు, బౌలర్లను మార్చుటయు తెలియవనియు, బ్యాటింగునకు ఒక వరుస యంటూ పాటింపలేదనియు ఆ సంఘము తేల్చినది. విజ్జీగారు 1954లో అదే క్రికెట్టు బోర్డునకు అధ్యక్షులైరి. అది వేరు కథ.

మహాభారతమున శల్యుడు కర్ణుని రథమునకు సారథి. గుర్రములు తోలుటలో వానికి సాటి లేడు. అయినను ధర్మరాజునకిచ్చిన మాట ప్రకారము యుద్ధభూమికి పోవు దారి పొడుగునను కర్ణుని తేజమును మాటలతో తగ్గించుచుండెను. మనవారు దానికే శల్యసారథ్యమని పేరు పెట్టిరి. 1936 నాటి జట్టునకు ఇంగ్లండువారొక శత్రువు, లోపలి సారథ్యమొక శత్రువు.

ఇట్టి చీలికకు పూర్వులు కనిపెట్టిన మందొకటి ఈ రామతీర్థపు కొండలనే జ్ఞప్తికి తెచ్చును. రామస్వామివారి కొండకు చేరువనే గురుభక్తులకొండ కలదు. పేరు వినుడు: గురుభక్తులకొండ! పురావస్తుశాఖకు చెందిన అలెగ్జాండరు రీ దొరగారు ఇచ్చట త్రవ్వకములు జరిపి 1910-11 నివేదికలో ఆ వివరములు ప్రకటించిరి. స్తూపము, చైత్యములు, భిక్షువుల విహారములు బయల్పడినవి. వానకాలపు మూడు నెలలును భిక్షువులు ఊరూర తిరుగక ఒక్కచో నుండవలెనని నియమము. కొండపై ఇరుకు గదులలో, ముసురులో, అవే ముఖములను చూచుచు నెలల తరబడి బ్రతుకు మనుష్యుల నడుమ ఎన్ని పొరపొచ్చెములు పుట్టునో ఊహింపుడు. అందుచే వర్షావాసము ముగియు దినమున బౌద్ధసంఘములన్నిటికిని ప్రవారణ మను కర్మ విధింపబడినది. ఒక్కొక్క భిక్షువును సంఘము నెదుట కూర్చుండి, తనయందు ఎవరికైన దోషము కనబడినను, వినబడినను, శంక కలిగినను దయతో చెప్పుడని ప్రార్థింపవలెను. ఈ కర్మ చిన్నవానితో ఆరంభము కాదు. అందరికన్న పెద్దభిక్షువే ముందడుగవలెను. ఈ కడపటి నియమమును చేసినవాని మనస్తత్వజ్ఞానమునకు చేతులెత్తి మ్రొక్కవలెను.

ఇదే సంగతిని ఆధునికులు వేరు త్రోవను కనుగొనిరి. అమెరికాలో ఏమీ ఎడ్మండ్‌సన్ అను విదుషి ఆసుపత్రులలో మందులిచ్చుటయందు జరుగు పొరపాట్లను పరిశీలించి 1996లో ఒక వ్యాసము ప్రకటించెను. పొత్తు బాగుగానున్న నర్సుల బృందములలో తప్పులు తక్కువగా నుండునని ఆమె యెదురుచూచెను. లెక్క తలక్రిందులై, మంచి బృందములలోనే తప్పులు ఎక్కువగా కనబడెను. శోధింపగా తెలిసినదేమనగా, అచ్చటివారు ఎక్కువ తప్పులు చేయుట కాదు. చేసిన తప్పును భయములేక పైకి చెప్పుకొనుచుండిరి. తక్కినచోట్ల అవి లెక్కకే రాకుండ దాగియుండెను.

నేను పనిచేసిన పల్లెలలో చెడుగుడు జట్టు కట్టినను, బంతియాట జట్టు కట్టినను, బంతి కొనియిచ్చినవారి బిడ్డడే నాయకుడగుట చూచితిని. ఊరిపెద్దలు అరుగుపై కూర్చుండి అట్లు తీర్మానింతురు. కడు నేర్పుగల కుర్రవాడు పశువుల కాపరి యైనచో గీత దగ్గర నిలుచుండి చూచుచుండును. ఈ ప్రసంగము వినుచున్న పెద్దలలో అట్లు తీర్మానించినవారు కొందరు లేకపోరు. వారికి నేనిప్పుడొక బడిపంతులు కథ చెప్పవలెను.

సయ్యద్ అబ్దుల్ రహీంగారు 1909లో హైదరాబాదున జన్మించిరి. పాఠశాలలలో ఉపాధ్యాయులుగా పనిచేసి, వ్యాయామవిద్యయందు పట్టము పొంది, 1943నుండి హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘమునకు కార్యదర్శిగా నుండిరి. నగరపు పోలీసు జట్టు ఆయన శిక్షణలో 1950నుండి 1954వరకు వరుసగా అయిదేండ్లు బొంబాయిలో రోవర్సు కప్పును గెలిచినది. ఆయన పద్ధతి వినుడు. కుడికాలివాటము గలవాడు ఎడమకాలితోనే ఆడవలెనని కొన్ని పోటీలు పెట్టెను. బంతిని తన కాలికడనే ఉంచుకొని పరుగెత్తరాదు, వెంటనే మరియొకనికి అందింపవలెనని కొన్ని పోటీలు పెట్టెను. ఐకమత్యముపై ఉపన్యాసము చేయవలసిన అవసరము లేదు. ఆట నియమమే వానిచేత ప్రక్కవానిని చూడజేయును.

1952లో హెల్సింకీ ఒలింపిక్సున మనవారు ఒట్టికాళ్ళతో ఆడి యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడిరి. ఆ జట్టు శిక్షకుడును రహీంగారే. నాలుగేండ్లకు మెల్బోర్నులో ఆయన తీర్చిన జట్టు నాలుగవ స్థానమున నిలిచెను.

1962లో జకార్తాలో ఆసియా క్రీడలు. ఆయన జట్టులో పంజాబు సిక్కులు, వంగీయులు, హైదరాబాదు ముసల్మానులు, దక్షిణాది క్రైస్తవులు కలసియుండిరి. ఇజ్రాయెలును, తైవానును రానీయనందుకు మన దేశపు ప్రతినిధి యొకడు అభ్యంతరము చెప్పుటచే, ఆ నగరజనులు మనవారిపై మండిపడుచుండిరి. మొదటి ఆటలో దక్షిణకొరియా 2-0తో మనలను ఓడించెను. జర్నైల్ సింగు అను రక్షకునికి తలపై దెబ్బతగిలి కుట్లు పడెను. రక్షణస్థానమున మునుపటివలె ఆడుట కష్టము. రహీంగారాతనిని పంపివేయలేదు, మూలను కూర్చుండబెట్టలేదు, ముందువరుసకు మార్చిరి. సెమీఫైనలులో ఆతడు గోలు చేసెను. సెప్టెంబరు 4వ తేదీన ఫైనలు. ఎదుట మరల ఆ దక్షిణకొరియాయే. ఆ ముందు రాత్రి గురువు శిష్యులను చేరదీసి, తనకొక కానుక కావలెను, అది రేపటి స్వర్ణపతకమని అడిగెనని ఆ యాటగాండ్రు తరువాత చెప్పుచుండెడివారు. లక్షమంది ప్రేక్షకులు ఎదురు కేకలు వేయుచుండగా, ప్రదీప్ కుమార్ బెనర్జీ ఒక గోలును, జర్నైల్ సింగు ఒక గోలును చేసిరి. 2-1.

అప్పటికే రహీంగారి ఊపిరితిత్తులను క్యాన్సరు పట్టియుండెను. 1963 జూన్ 11వ తేదీన ఆయన పరమపదించిరి. ఆసియా క్రీడలలో ఫుట్‌బాల్ స్వర్ణపతకము మన దేశమునకు ఆ పిదప మరల రాలేదు.