స్త్రీ–అశ్వానుబంధము: ఆంధ్ర శిల్పము

స్త్రీకిని అశ్వమునకును గల ఆధ్యాత్మికానుబంధమునకు మన పురాణములలో మూలము సంజ్ఞాదేవి కథ. భర్తయగు సూర్యుని తేజమును సహింపజాలక, తన నీడను ఛాయ యను పేర ఇంట నిలిపి, ఆమె బడబారూపమున ఉత్తరకురుభూముల తపము చేయుచుండగా, సూర్యుడును అశ్వమై ఆమెను చేరెననియు, వారికి అశ్వినీదేవతలు జనించిరనియు పౌరాణికులు చెప్పుదురు. రథసప్తమినాడు జనులు తరలిపోవు అరసవల్లిలో సూర్యనారాయణస్వామి ఉషా పద్మినీ ఛాయా సహితుడై సప్తాశ్వరథముపై వెలసియున్నాడు. గుఱ్ఱములును దేవేరులును ఒకే శిలయందు చేరిరి గాని, బడబారూపమును మాత్రము శిల్పి తలపెట్టలేదు. పాశ్చాత్యమున గాల్ జనులు కొలిచిన ఎపోనా ఆడుగుఱ్ఱముపై ఒకప్రక్కకు కాళ్లు వ్రేలాడవేసికొని కూర్చుండును. రోమను అశ్వికులును ఆమెను పూజించిరి.

తెలుగునాట ఈ అనుబంధము దేవతామూర్తులలో కంటె ఒక రాణి ప్రతిమలో స్ఫుటతరము. కాకతీయ గణపతిదేవుని కుమార్తె రుద్రమదేవి (పాలన సుమారు 1262–1289) శాసనములలో రుద్రదేవ మహారాజు. ఓరుగంటి కోటలో దొరకిన ఒక శిల్పమున కత్తియు డాలును దాల్చిన వీరనారి సింహమునెక్కియున్నది. ఇది రుద్రమ 'రాయగజకేసరి' బిరుదమునకు శిలారూపమని నా అభిప్రాయము. సింహము బిరుదమునకు తగును, సవారికి గుఱ్ఱమే కావలయును.

ఆ గుఱ్ఱము ఓరుగంటికి చేరువనున్న బొల్లికుంటలో కానవచ్చును. అచటి రెండు శిలాఫలకములను 2017లో భారత పురావస్తుశాఖవారు రుద్రమవిగా గుర్తించిరి. మొదటిదానిలో రాణి ఛత్రచ్ఛాయలో అశ్వారూఢ. ఎడమచేత కళ్లెపు పగ్గములు, పాదము రికాబున. రెండవదానిలో ఛత్రము లేదు, గుఱ్ఱమును లేదు. రాణి అలసి ఎడమకు ఒరిగియున్నది. యమవాహనమగు మహిషము దక్షిణాభిముఖముగ చెక్కబడియున్నది. గాయమునుగాని శత్రువునుగాని చూపక, వాహనమును మార్చుటచేతనే మరణమును తెలిపిన ఆ అజ్ఞాతశిల్పి నేర్పు మిక్కిలి ప్రశంసనీయము. నల్లగొండ జిల్లా చందుపట్లలో పువ్వుల ముమ్మడి వేయించిన 1289 నవంబరు నాటి శాసనము, రాణియు సేనాని మల్లికార్జునుడును శివలోకప్రాప్తులైరని చెప్పుచున్నది. కాయస్థ అంబదేవునితోడి సమరమున ఆమె కూలెనని చరిత్రకారులు ఊహింతురు.

ఆధునిక కాలమున ఝాన్సీ లక్ష్మీబాయి ప్రతిమలు బిడ్డను వీపున కట్టి, గుఱ్ఱపు ముంగాళ్లు గాలికెత్తి, వేఱొక సంప్రదాయమును నెలకొల్పినవి; నేటి కూడళ్లలోని రుద్రమ విగ్రహములలో పెక్కు దానినే అనుసరించుచున్నవి.