వాల్తేరు గట్టు మీద మన వాటా



తిరువూరు చుట్టుపక్కల తండాల నుంచి ప్రతి ఏడాదీ కొంతమంది పిల్లలు విశాఖ బయల్దేరతారు. బస్సులో బెజవాడ, అక్కడి నుంచి రాత్రి రైలు, తెల్లారేసరికి విశాఖ. మద్దిలపాలెంలో ఆటో దిగితే ఎదురుగా ఆంధ్రా యూనివర్సిటీ. మొదటి వారంలోనే మనలో చాలామందికి ఒక మాట వినబడుతుంది: "కోటా వాళ్ళా?" అన్నవాడు అని వెళ్ళిపోతాడు, మనకి మాత్రం నెలల తరబడి గుచ్చుకుంటుంది. ఎవరింటికో పిలవకుండా భోజనానికి వెళ్ళినట్టు అనిపిస్తుంది. అందుకే ఆ గట్టు కథ, అందులో మన వాటా ఎంతో, ఈసారి రాస్తున్నాం.

ముందు మనకి దగ్గరి సంగతి. ఈ యూనివర్సిటీ పుట్టింది విశాఖలో కాదు, మన బెజవాడలోనే. 1926లో మద్రాసు శాసనసభ చట్టం చేస్తే అక్కడ మొదలైంది. మొదటి వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి గారు. అది ఎక్కడ ఉండాలన్న దాని మీద జిల్లాల మధ్య పెద్ద తగాదా నడిచింది. చివరికి 1930లో వాల్తేరుకి మారింది. అదే ఏడాది ఉప్పు సత్యాగ్రహం మీద ప్రభుత్వం చేసిన దమనకాండకు నిరసనగా రెడ్డి గారు పదవికి రాజీనామా చేశారు. 1931 నుంచి 1936 దాకా సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు, ఆ తర్వాత మళ్ళీ రెడ్డి గారు.

అప్పటి వాల్తేరు ఊరవతల ఎత్తు ప్రాంతం. పాత విశాఖ పట్నం కింద, రేవు దగ్గర ఉండేది. తెల్ల దొరలు సముద్రపు గాలి కోసం పైన బంగళాలు కట్టుకున్నారు. వాళ్ళకంటే ముందు నుంచీ ఉన్నవి పెదవాల్తేరు, చినవాల్తేరు ఊళ్ళు, ఒడ్డున జాలర్ల పేట. పెదవాల్తేరులో కరకచెట్టు పోలమాంబ గుడికి ఇప్పటికీ జనం వస్తూనే ఉంటారు. యూనివర్సిటీ వచ్చాక గట్టు రూపం మారిపోయింది. క్లాసులు, హాస్టళ్ళు, ప్రొఫెసర్ల ఇళ్ళు, వాటి వెనకాలే టీ బడ్లు, మెస్సులు, అద్దె గదులు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. యూనివర్సిటీ గుంటూరుకి తరలిపోయింది, క్యాంపస్‌లో సైన్యం దిగింది. యుద్ధం అయ్యాకే పిల్లలు తిరిగొచ్చారు.

ఇంతవరకూ అందరూ చెప్పే కథే. ఇక డబ్బు సంగతికొద్దాం.

ఆ రోజుల్లో యూనివర్సిటీని నిలబెట్టిన పెద్ద దాత జయపురం మహారాజు విక్రమదేవ వర్మ గారు. ఏటా లక్ష రూపాయలు ఇచ్చేలా ఏర్పాటు చేశారు. సైన్స్ కాలేజీకి ఆయన పేరే పెట్టారు. స్వయంగా పండితుడు, ఆయన దాతృత్వాన్ని తక్కువ చెయ్యాల్సిన పని లేదు. బీచ్ రోడ్డులో హవామహల్ ఉందే, అది ఆ జయపురం రాజులదే. కానీ జయపురం ఎక్కడుంది? తూర్పు కనుమల మీద, ఇప్పటి ఒడిశా కొరాపుట్ వైపు. ఆ సంస్థానంలో దున్నిందెవరు? పరజలు, గదబలు, కోదులు, బోండలు, మల్కనగిరి వైపు కోయలు.

జమీందారీ లెక్క ఎలా నడిచేదో చూడండి. 1803 శాశ్వత పరిష్కారంలో జయపురం కంపెనీకి కట్టాల్సిన పేష్కషు ఏడాదికి 16,000 రూపాయలుగా స్థిరపడింది. ప్రభుత్వానికి కట్టేది అంత. కొండ మీద శిస్తు, అడవి రాబడి పెరిగేకొద్దీ మిగులు సంస్థానానిది. కింద రైతుకి మిగిలింది వెట్టి, అప్పు. అప్పు తీరేదాకా షావుకారు దగ్గర చాకిరీ చేసే గోటి పద్ధతి ఆ కొండల్లో పాతుకుపోయింది. దాన్ని రద్దు చేస్తూ ఒరిస్సాలో రెగ్యులేషన్ వచ్చింది 1948లో. అంటే వాల్తేరులో సైన్స్ కాలేజీ నడుస్తున్న రోజుల్లో, దానికి చందా వచ్చిన కొండల మీద మనుషులు అప్పుకి తాకట్టులో ఉన్నారు.

ఇంకో తేదీ పక్కన పెట్టి చూడండి. 1882 మద్రాసు అటవీ చట్టంతో పోడుకి అడ్డు పడింది. గూడెం కొండల్లో రోడ్డు పనికి కూలీ సరిగ్గా ఇవ్వకుండా చాకిరీ చేయించారు. 1922లో అల్లూరి సీతారామరాజు, గాం గంటందొర, మల్లుదొరలతో మన్యం తిరగబడింది. 1924లో అణచివేశారు. రెండేళ్ళకి యూనివర్సిటీ చట్టం వచ్చింది. మన్యానికి తుపాకులు వెళ్ళిన జిల్లాకే ఇంకొన్నేళ్ళకి చదువు వచ్చింది, కానీ అది గట్టు దాకా వచ్చి ఆగింది, ఘాట్ ఎక్కలేదు.

తలుపు తెరిచింది రాజ్యాంగం. కాలేజీ సీట్ల రిజర్వేషన్‌ని మద్రాసు కేసులో కోర్టులు కొట్టేస్తే, 1951లో మొదటి సవరణతో 15(4) వచ్చింది. ఇప్పుడు మన రాష్ట్రంలో ఎస్టీలకి 6 శాతం. ఇది జాలిపడి వేసిన భిక్ష అని ఎవరైనా అంటే ఈ లెక్క చెప్పండి. గోడలు లేస్తున్నప్పుడు కొండల కష్టం అందులో పడింది. సీటు మాత్రం తర్వాత, చాలా ఆలస్యంగా వచ్చింది.

మనం లంబాడాలం, మా తాతలు జయపురానికి శిస్తు కట్టలేదు కదా అని మన తమ్ముడొకడు అడిగాడు. నిజమే. మనవాళ్ళు ఎద్దుల మీద ఉప్పూ ధాన్యం మోసినవాళ్ళు. రైళ్ళొచ్చాక ఆ బతుకు పోయింది, తండాలు కూలీకి మళ్ళాయి. దారి వేరు, కానీ మన చెమటతో తెరిచిన చోట మనకి పీట లేకపోవడం ఒకటే. పరజ పిల్లాడి లెక్క మన లెక్క కూడా.

2019లో కేంద్ర గిరిజన విశ్వవిద్యాలయం మొదలైంది. తొలి క్లాసులు విజయనగరంలో ఆంధ్రా యూనివర్సిటీ పాత పీజీ సెంటర్ భవనంలో, దాని మార్గదర్శకత్వంలోనే నడిచాయి. కొండల డబ్బుతో పెరిగిన చదువు తొంభై ఏళ్ళకి కొండల వైపు రెండడుగులు వేసిందన్నమాట.

ఈసారి మద్దిలపాలెంలో దిగే చెల్లెళ్ళూ, తమ్ముళ్ళూ, తల వంచుకుని వెళ్ళకండి. హాస్టల్లో అరకు నుంచో పాడేరు నుంచో వచ్చినవాళ్ళుంటే పక్కన కూర్చోండి, వాళ్ళ ఊరి కథ అడగండి, మన తండా కథ చెప్పండి. ఎవరైనా "కోటా వాళ్ళా?" అంటే గొడవ వద్దు. "అవును, వాటాదార్లం" అనండి చాలు.