చిట్టాలలో దొరికిన తొలికాపు

వంశచరిత్రలు ఇంటి పెద్దలు చెప్పగా వినవలెను గాని, కచ్చేరీ చిట్టాలలో ఏముండునని తలచువారు మనలో పెక్కురు కలరు. ఆ తలంపు కొంతవరకు సరియైనదే. పెద్దలు చెప్పిన కథలో మనుష్యుని నడక, మాట, నవ్వు వినిపించును. చిట్టాలో పేరు, వయస్సు, వృత్తి, ఆస్తి విలువ తప్ప వేరేమియు కానరాదు. అయినను ఇంటివారు మరచినదియు, మరువదలచినదియు ఒకప్పుడు ఆ చిట్టాలోనే నిలిచియుండును. ఈ సంగతిని తేటపరచు ఉదాహరణము ఒకటి అమెరికాలో కలదు. దానిని పాఠకుల ముందుంచుటయే ఈ వ్యాసమునకు ప్రయోజనము.

లారా ఇంగాల్స్ వైల్డర్ అను నామె అరువదియైదేండ్ల వయస్సున, 1932లో, తన మొదటి బాలల గ్రంథమును ప్రకటించెను. పిమ్మట వరుసగా వెలువడిన ఆమె గ్రంథములు లోకమందంతటను ప్రసిద్ధికెక్కినవి. వానిలో బాలికయైన లారా కన్నులకు కనబడిన మహాపురుషుడు ఆమె తండ్రి ఛార్లెస్ ఇంగాల్స్. బండికి బట్టతో గుడారు కట్టి, పిడేలును భద్రముగా దుప్పట్లలో చుట్టి, మనుష్యసంచారము లేని బయళ్ళకు ఆలుబిడ్డలతో సాగిపోయిన తొలికాపు అతడు. 1836లో న్యూయార్కు రాష్ట్రమున జన్మించి, విస్కాన్సిన్, కాన్సాస్, మిన్నెసోటా, అయోవా ప్రాంతములు తిరిగి, తుదకు డకోటాలోని డి స్మెట్ అను కొత్త పట్టణమున స్థిరపడి, 1902 జూన్ 8న మరణించెను.

ఛార్లెస్‌కు నేడు సంతతి లేదు. కుమార్తెలు నలుగురిలో లారా ఒక్కతెయే బిడ్డలను కనెను. ఆమె కుమార్తె రోజ్ 1968లో మరణించుటతో ఆ వంశము ముగిసెను. కావున అతని అడుగుజాడలను వెదకినవారు మనుమలును మునిమనుమలును కారు. పుస్తకము చదివి, ఇది ఎంతవరకు నిజమని తెలిసికొనగోరిన పాఠకులు, స్థానిక చరిత్రకారులు, గ్రంథాలయములవారు. ఒక గ్రంథాలయపు రజతోత్సవ సంచికలో ఈ కథను చెప్పుకొనుటకు ఆ ఒక్క కారణము చాలును.

ముందుగా ఆ దేశపు జనాభా లెక్కల విషయము కొంత చెప్పవలసియున్నది. అక్కడ 1790 మొదలు పదేండ్లకొకసారి లెక్క తీయుచున్నారు. 1840 వరకు ఇంటి యజమాని పేరు మాత్రమే వ్రాసి తక్కినవారిని తలలుగా లెక్కించిరి. 1850 నుండి స్వతంత్రులైన ప్రతివారి పేరును చిట్టాకెక్కెను. బానిసలుగా ఉంచబడినవారి పేర్లు మాత్రము, బానిసత్వము తొలగిన పిమ్మట, 1870లోగాని ఆ లెక్కలలో పూర్తిగా చేరలేదు. డెబ్బదిరెండేండ్లు గడచిన తరువాత చిట్టాలను ప్రజలు చూడవచ్చును. 1950వ సంవత్సరపు చిట్టాలు 2022 ఏప్రిల్ 1న బయటికి వచ్చినవి. అన్నియు దక్కినవని తలపరాదు. 1921 జనవరిలో వాషింగ్టనులోని వాణిజ్యశాఖ భవనమున అగ్నిప్రమాదము జరిగి 1890 చిట్టాలు చాలవరకు పాడైనవి. ఆ దేశపు వంశపరిశోధకులు నేటికిని ఆ సంవత్సరమును తలచి నిట్టూర్చుచుందురు.

మన దేశమున పద్ధతి వేరు. 1948 సంవత్సరపు జనాభా లెక్కల చట్టము ప్రకారము ఇంటింటి చిట్టాలు ప్రజల పరిశీలనకు లభింపవు. మనకు మొత్తములు మిగులును గాని మనుష్యులు మిగులరు. కావున మన పూర్వులను వెదకువారు కరణముల లెక్కలను, ఇనాము రిజిస్టర్లను ఆశ్రయింపవలెను. సముద్రము దాటిపోయిన వారి విషయమున ఓడల పట్టికలే శరణ్యము. 1860 నవంబరులో మద్రాసు నుండి ట్రూరో అను ఓడ డర్బన్ రేవు చేరినది మొదలు నేటాలుకు పోయిన కూలీల పేరు, తండ్రి పేరు, వయస్సు, గ్రామము, జిల్లా, ఒంటిమీది మచ్చలు సైతము ఆ పట్టికలలో వ్రాయబడినవి. ఇంటిలో ఏ జ్ఞాపకమును మిగులని తెలుగువారి జాడలు ఆ మచ్చల వరుసలో దొరకుట కలదు.

ఇక ఛార్లెస్ సంగతి. 1935లో వెలువడిన గ్రంథమున లారా కాన్సాస్ బయళ్ళలోని కాపురమును వర్ణించెను. తండ్రి దుంగలు నరికి ఇల్లు కట్టుట, బావి త్రవ్వుట, రాత్రులందు తోడేళ్ళు ఇంటిని చుట్టుముట్టుట మొదలగునవి చదివిన పిల్లలు జన్మమున మరువరు. అయితే ఆ కుటుంబము 1869లో అక్కడికి చేరినపుడు లారాకు మూడేండ్లయినను నిండలేదు. ఆమె వ్రాసినది చాలవరకు తల్లిదండ్రుల నోట విన్నదే. పుస్తకమున చెల్లెలు క్యారీ పసిబిడ్డగా బండిలో వచ్చినట్లున్నది. ఇంటి బైబిలులోని వ్రాతను చూడగా ఆ బిడ్డ 1870 ఆగస్టు 3న, కాన్సాస్‌లోని మాంట్‌గోమరీ కౌంటీలోనే జన్మించినట్లు తేలుచున్నది. ఇండిపెండెన్స్ పట్టణము ఆ యింటికి నలువది మైళ్ళ దూరమని లారా వ్రాసెను. నిజమైన దూరము పదుమూడు మైళ్ళకు అటునిటు మాత్రమే. పసితనమున విన్న దూరము ఎదిగిన కొలది పెరుగుట సహజము గదా.

ఆ యింటి చోటును ఎవరును ఎరుగకుండిరి. 1960ల తుది దినములలో ఆ ప్రాంతపు పరిశోధకురాలు ఒకామె 1870 చిట్టాలను ముందుంచుకొని కూర్చుండెను. లెక్కల గుమాస్తా ఇంటి తరువాత ఇల్లు వరుసగా తిరిగినవాడు; కావున ఛార్లెస్ పేరునకు ముందు వెనుకల నున్న పేర్లు అతని పొరుగువారివి. ఆ పొరుగువారు తరువాత భూములు కొనినప్పటి పత్రములు కౌంటీ కచ్చేరీలో నున్నవి. వారి వారి పొలములను పటముమీద గుర్తించుచు పోగా, ఎవరికిని చెందక మిగిలిన చోటు ఒకటి కనబడెను. చేతిత్రవ్వకపు బావి ఒకటి ఆ చోటనే దొరకెను. ఎంత చక్కని ఉపాయము! వెదకబడువాని పత్రము లేనప్పుడు ఇరుగుపొరుగు వారి పత్రములే సాక్ష్యము చెప్పినవి.

ఆ చిట్టాలోనే మరియొక పొరుగువాని పేరు కలదు. చలిజ్వరముతో ఇంటిల్లిపాదియు మంచము పట్టినపుడు నల్లజాతి వైద్యుడొకడు దైవికముగా వచ్చి కాపాడెనని లారా వ్రాసియుండెను. అది కల్పన కాదు. జార్జి టాన్ అను ఆ వైద్యుడు నిజముగా ఆ టౌన్‌షిప్పులో నివసించినవాడే. తరువాత చాల కాలము ఆ ప్రాంతముననే వైద్యము చేసి, ఇండిపెండెన్స్ శ్మశానవాటికలో సమాధి చేయబడెను.

ఇంతకంటె ముఖ్యమైనది ఆ చిట్టాలో ఖాళీగా నున్న ఒక గడి. 1870 లెక్కలలో ప్రతి యింటివాని స్థిరాస్తి విలువ వ్రాయుటకు ప్రత్యేకముగ ఒక గడి యుండెను. ఛార్లెస్ పేరునకు ఎదుట ఆ గడిలో అంకె లేదు. అతని ఇరుగుపొరుగుల గడులును అట్టివే. దానికి కారణమును గుమాస్తాయే తెలిపెను: ఈ భూములు ఒసేజ్ ఇండియనులవి, ఇక్కడి కాపులకు వీనిపై హక్కు లేదు అని. ఛార్లెస్ దుంగల ఇల్లు 1865 ఒడంబడిక పిమ్మట ఒసేజీలకు మిగిలిన భూమిలో కట్టబడినది. పుస్తకములో ఒసేజీలు పిలువని అతిథులుగా ఇంటిలోనికి వచ్చి, రొట్టె తిని, పొగాకు తీసికొని పోవుదురు. చిట్టాను చూచిన తరువాత పిలువని అతిథి ఎవరన్నది మారిపోవును.

ఆనాటి ప్రభుత్వ ఏజెంటు నివేదికలను గూడ ఇక్కడ స్మరింపవలెను. వలసకాపులు ఒసేజీల గుర్రములను దొంగిలించుచున్నారనియు, వారి పంటలను ఆక్రమించుచున్నారనియు అతడు మొరపెట్టెను. ఛార్లెస్ అట్టి పనులు చేసెనని ఎక్కడను లేదు. అతడు కష్టజీవి, బిడ్డలను ప్రేమించినవాడు. అట్టివాడు పరాయివారి నేలలో సుఖముగా పిడేలు వాయించెననుటయే మనస్సును కలచు విషయము. 1870 జులై 15న కాంగ్రెసు చట్టము చేయగా, సెప్టెంబరులో డ్రమ్ క్రీక్ వద్ద ఒసేజీలు అంగీకరించి ఇప్పటి ఓక్లహోమాకు తరలిపోవలసివచ్చెను. ఆ భూమిని ఎకరము డాలరుంబావు చొప్పున కాపులకిచ్చిరి. సైనికులు వచ్చి కాపులను వెళ్ళగొట్టుదురను భయముతో తండ్రి ఇల్లు విడిచెనని పుస్తకములో నున్నది. వాస్తవమునకు 1871 వసంతమున వారు బయలుదేరునప్పటికి చట్టము కాపుల పక్షముననే యుండెను. విస్కాన్సిన్‌లో వారి ఇల్లు కొనినవాడు సొమ్ము చెల్లింపలేకపోగా, వారు మరల ఆ యింటికే చేరిరి.

దస్తరములు ఎల్లప్పుడును లారాను తప్పుపట్టునని తలపవలదు. 1880-81 చలికాలమున డి స్మెట్ పట్టణము మంచుతుపానులలో చిక్కి, రైళ్ళు నిలిచి, జనులు కాఫీమరలో గోధుమలు విసరుకొని రొట్టె కాల్చుకొనిరని ఆమె 1940లో వ్రాసెను. పత్రికలు, వాతావరణ లెక్కలు, రైల్వే సమాచారము పోల్చి చూచిన శాస్త్రజ్ఞులు ఆ వర్ణన చాలవరకు యథార్థమని 2020లో ప్రకటించిరి. జనవరిలో ఆగిన రైలు మే నెలలోగాని రాలేదు.

ఆ దేశపు పల్లెపట్టుల పాత పత్రికలు మన పరిశోధకులకు అసూయ గొలుపును. ఎవరింటికి చుట్టములు వచ్చిరి, ఎవరి గుర్రము తప్పిపోయెను, ఎవరికి జబ్బు చేసెను అనునవి గూడ వానిలో వార్తలే. లారా అక్క మేరీ 1879లో చూపు కోల్పోయెను. ఎర్రజ్వరముచేత అట్లయ్యెనని లారా గ్రంథములో వ్రాయగా, లక్షలమంది పాఠకులు దానినే నమ్మిరి. అయితే ఆ యేడు ఏప్రిల్ నెల రెడ్‌వుడ్ గెజెట్ అను మిన్నెసోటా పత్రికలో, మేరీ తీవ్రమైన తలనొప్పితో పది దినములుగా మంచముపై నున్నదనియు, ముఖము ఒకవైపు కొంత చచ్చుబడెననియు వార్త కలదు. జూన్ సంచికలో ఆమెకు వెలుగు చీకటుల భేదము తప్ప వస్తువులు తెలియుట లేదనియు, ఆ కొంచెపు చూపును తగ్గుచున్నదనియు మరియొక వార్త. 2013లో వైద్యులు కొందరు ఈ వార్తలను, లారా జాబులను కలిపి పరిశీలించి, మెదడును, దాని పొరలను సోకిన వైరసు జ్వరమే కారణమై యుండునని తేల్చిరి. నాలుగు పంక్తుల ఊరి వార్త నూట ముప్పది నాలుగేండ్ల పిమ్మట వైద్యులకు రోగచిహ్నములను అందించెను. మేరీ 1881లో అయోవాలోని అంధుల కళాశాలలో చేరి, 1889లో చదువు ముగించెను.

ఛార్లెస్‌కు చట్టబద్ధమైన భూమి తుదకు లభింపకపోలేదు. 1880 ఫిబ్రవరి 19న బ్రూకింగ్స్ కచ్చేరీలో భూమికి దరఖాస్తు పెట్టి, 1886లో హక్కు నిరూపించుకొనెను. అయినను ఏడాది తిరుగగనే పట్టణములో ఇల్లు కట్టుకొని అక్కడికి మారెను. భూమికొరకు జీవితమంతయు తిరిగినవాడు భూమిమీద నిలువలేదు.

అతని పేరుగల కాగితములలో మిక్కిలి చిన్నదియు, మిక్కిలి బరువైనదియు మిన్నెసోటాలో నున్నది. మిడుతల దండు వరుసగా పంటలను తినివేసిన యేండ్లవి. 1875 చివర, తాను సర్వవిధముల నిరాధారుడనని ప్రమాణపూర్వకముగా సంతకము చేసి, ఛార్లెస్ రాష్ట్రము పంచిన సహాయము నుండి రెండు అరపీపాల పిండి తీసికొనెను. వెల అయిదు డాలర్ల పాతిక సెంట్లు. ఎవరికిని ఋణపడనని గర్వముగా చెప్పు తండ్రినే లారా మనకు చూపెను. ఈ సంతకము మాట ఆమె గ్రంథములలో లేదు. ఆమె ఎరిగియుండెనో లేదో. ఎరిగినను ఏ కూతురు వ్రాయును?

ఆ నవంబరు 1వ తేదీననే ఆ యింటిలో మగబిడ్డ పుట్టెను. పేరు ఛార్లెస్ ఫ్రెడరిక్. ఫ్రెడ్డీ అని పిలిచిరి. 1876 ఆగస్టు 27న, పదినెలలయినను నిండకుండ, కుటుంబము మరల ఊరు మారుచుండగా మరణించెను. లారా బాలల గ్రంథములలో ఈ తమ్ముడు లేడు. జనాభా లెక్కలలోను లేడు. 1870 లెక్కకు అతడు పుట్టలేదు, 1880 లెక్కకు బ్రతికి లేడు. మిన్నెసోటా రాష్ట్రము 1875లో తీసిన ప్రత్యేకపు లెక్క అతడు పుట్టుటకు ముందే జరిగిపోయెను. అయితే 1900 లెక్కలలో తల్లులను రెండు ప్రశ్నలు అడిగిరి: కన్న బిడ్డలెందరు, బ్రతికియున్న బిడ్డలెందరు అని. రెండు లెక్కల నడుమ పుట్టి, రెండు లెక్కల నడుమనే గతించిన ఫ్రెడ్డీ వంటి బిడ్డలను పరిశోధకులు ఆ రెండంకెల భేదములో వెదకుచుందురు.