చైనా గడ్డ మీద చైనీస్ చదువు

విదేశీ విద్యార్థి చైనాకు వెళ్లి, ఒక సెమిస్టర్ పాటు అక్కడి భాషా సంస్కృతులు చదువుకుని తిరిగి రావడం 1970ల చివరి నుంచి వాడుకలోకి వచ్చిన పద్ధతి. అంతకుముందు వెయ్యేళ్లకు పైగా ఈ చదువు భిక్షువులు, రాయబారులు, మత ప్రచారకులు, దుబాసీలు, సైనికాధికారుల చేతుల్లో ఉండేది. ఏళ్ల తరబడి సాగేది. చైనీస్ కష్టమైన భాష అనగానే వేల అక్షరాల లిపి, స్వరం మారితే అర్థం మారిపోయే మాటలు గుర్తొస్తాయి. చరిత్రలో మాత్రం విద్యార్థికి అంతకన్నా పెద్ద అడ్డంకి అనుమతి. ఎవరు రావచ్చు, ఎవరు నేర్పవచ్చు, ఎన్నాళ్లు ఉండవచ్చు అన్నది రాజ్యం తేల్చేది. బోధన పద్ధతులు ఆ నిర్ణయాల వెంటే నడిచాయి.

తాంగ్ రాజవంశ కాలంలో (618–907) తలుపులు చాలావరకు తెరిచే ఉన్నాయి. జపాన్ 630లో మొదలుపెట్టి రెండు శతాబ్దాల పాటు చైనాకు రాయబార బృందాలను పంపింది. వాటి వెంట విద్యార్థులు, బౌద్ధ భిక్షువులు ఓడ ఎక్కేవారు. 717లో వెళ్లిన కిబి నో మకిబి 735లో తిరిగొచ్చి జపాన్ కొలువులో మంత్రి పదవి దాకా ఎదిగాడు. ఆయనతో పాటే వెళ్లిన అబె నో నకమారో తాంగ్ కొలువులో ఉద్యోగానికి కుదిరాడు. ఇంటిదారి పట్టిన ఓడ తుఫానులో చిక్కుకోవడంతో మళ్లీ తాంగ్ రాజధాని చాంగాన్ చేరి, 770లో అక్కడే కన్నుమూశాడు. కొరియాలోని సిల్లా రాజ్యం నుంచి 868లో పన్నెండేళ్ల వయసులో వెళ్లిన చోయ్ చివొన్ ఆరేళ్లలో అక్కడి రాజోద్యోగ పరీక్ష నెగ్గాడు. విద్యాయాత్రలు ఒకవైపే సాగలేదు. ఏడో శతాబ్దంలో భారతదేశానికి వచ్చిన చైనా భిక్షువు హ్యూయన్‌త్సాంగ్ నలందలోనే కాక, కృష్ణా తీరాన ధాన్యకటకంలోనూ కొన్ని నెలలు ఉండి బౌద్ధ శాస్త్రాలు చదివాడు.

జపాన్, కొరియా విద్యార్థులకు చైనా లిపి ఇంటి దగ్గరే పరిచయం. ఆ లిపి ఊసే ఎరుగని యూరప్ వాళ్లు మాత్రం అక్షరాలు దిద్దడం దగ్గరే మొదలుపెట్టాల్సి వచ్చింది. ఇటలీకి చెందిన జెస్విట్ ఫాదర్ మికేలే రుజ్జేరి 1579లో మకావు చేరాడు. ఆయనకు దొరికిన తొలి గురువు ఒక చిత్రకారుడు. ఇద్దరికీ తెలిసిన భాష ఒక్కటీ లేదు. గురువు కుంచెతో గుర్రం బొమ్మ గీసి, దాని పేరు ‘మా’ అని చెప్పి, అక్షరం రాసి చూపేవాడు. 1582లో మరో జెస్విట్ మతియో రిచ్చి వచ్చి కలిశాడు. మరుసటి ఏడు ఇద్దరూ ఝావోచింగ్ పట్టణంలో నివాసానికి అనుమతి సంపాదించారు. వారి కాలంలో తయారైన పోర్చుగీసు–చైనీస్ నిఘంటువు రాతప్రతి 1934లో రోమ్‌లోని జెస్విట్ దస్త్రాల్లో బయటపడింది. 1626లో మరో జెస్విట్ నికొలా త్రిగో చైనీస్ ఉచ్చారణను, స్వరాలను రోమన్ అక్షరాల్లో చూపే పుస్తకం వెలువరించాడు. విదేశీయుడు చెవితో విన్నదాన్ని కాగితం మీద పెట్టుకునే సాధనం అలా ఏర్పడింది.

రాజ్యాల మధ్య ఒప్పందంతో విద్యార్థులను పంపిన తొలి యూరప్ దేశం రష్యా. 1727 నాటి క్యాఖ్తా ఒప్పందం ప్రకారం బీజింగ్‌లోని రష్యన్ చర్చి బృందం వెంట ఆరుగురు భాషా విద్యార్థులు ఉండవచ్చు. వారి పోషణ చింగ్ చక్రవర్తి ఖర్చు. ఒక్కో బృందం గడువు సుమారు పదేళ్లు. తొమ్మిదో బృందానికి పెద్దగా వెళ్లిన ఇయాకింఫ్ బిచూరిన్ 1808 నుంచి 1821 దాకా బీజింగ్‌లో ఉండి, చైనా గ్రంథాలను రష్యన్‌లోకి తెచ్చి, రష్యాలో చైనా అధ్యయనానికి పునాది వేశాడు.

దక్షిణాన కాంటన్ రేవులో పరిస్థితి వేరు. 1757 నుంచి పాశ్చాత్య ఓడలకు ఆ ఒక్క రేవే గతి. ఈస్టిండియా కంపెనీలో చైనీస్ నేర్చిన జేమ్స్ ఫ్లింట్ 1759లో ఉత్తరాన త్యాంజిన్ దాకా వెళ్లి, కాంటన్ అధికారుల మీద చక్రవర్తికి ఫిర్యాదు అందించాడు. ఫలితంగా ఫ్లింట్‌ను మూడేళ్లు మకావులో నిర్బంధించారు. అర్జీ చైనీస్‌లో రాసిపెట్టిన లియు యాబియాన్‌కు మరణశిక్ష పడింది. ఆ తర్వాత విదేశీయులకు భాష నేర్పడం ప్రమాదకరమైన పనైపోయింది. 1807లో వచ్చిన ప్రొటెస్టంట్ మిషనరీ రాబర్ట్ మారిసన్ చాటుమాటుగానే పాఠాలు చెప్పించుకుని, 1815–1823 మధ్య చైనీస్–ఇంగ్లీషు నిఘంటువు సంపుటాలు వెలువరించాడు. 1833లో వచ్చిన అమెరికన్ శామ్యూల్ వెల్స్ విలియమ్స్‌కు పాఠం చెప్పిన పంతులు రోజూ ఒక విదేశీ స్త్రీ చెప్పు వెంట తెచ్చి బల్ల మీద పెట్టుకునేవాడు. ముక్కూమొహం తెలియనివాళ్లెవరైనా లోపలికొస్తే, తాను చెప్పులు కుట్టేవాడినని చెప్పి తప్పించుకోవడానికి ఆ ఏర్పాటు.

బ్రిటన్‌తో జరిగిన నల్లమందు యుద్ధంలో చింగ్ ప్రభుత్వం ఓడిపోయాక భాష నేర్పడానికి ఉన్న ఈ అడ్డు పోయింది. 1844లో అమెరికాతో కుదిరిన వాంగ్‌షియా ఒప్పందంలోని 18వ అధికరణం, చైనా పండితులను గురువులుగా పెట్టుకోవడానికి, పుస్తకాలు కొనుక్కోవడానికి అమెరికన్లకు హక్కు ఇచ్చింది. భాష నేర్చుకునే హక్కు అలా ఒప్పంద పత్రంలోకి ఎక్కింది. బీజింగ్‌లో విదేశీ దౌత్య కార్యాలయాలు వెలిశాక, బ్రిటన్ దుబాసీ ఉద్యోగానికి ఎంపికైన యువకులను అక్కడే చదివించింది. వారి కోసం బ్రిటిష్ దౌత్యవేత్త థామస్ వేడ్ 1867లో బీజింగ్ వ్యావహారిక భాష మీద పాఠ్యపుస్తకం ప్రచురించాడు. వేడ్ రూపొందించిన రోమన్ లిపి పద్ధతిని హెర్బర్ట్ జైల్స్ సవరించాడు. చైనా ఊర్ల పేర్లు చాలాకాలం ఆ వేడ్–జైల్స్ పద్ధతిలోనే పాశ్చాత్య పుస్తకాలకు ఎక్కాయి. 1910లో మిషనరీలు బీజింగ్‌లో ఉమ్మడి భాషా పాఠశాల తెరిచారు. చదవడం, రాయడం కన్నా వినడం, మాట్లాడటం ముందు నేర్పడం అక్కడి పద్ధతి. తర్వాత అమెరికా సేనానిగా పేరు తెచ్చుకున్న జోసెఫ్ స్టిల్‌వెల్, చరిత్రకారుడు జాన్ కింగ్ ఫెయిర్‌బ్యాంక్ అక్కడ చదివినవారే.

1949లో కమ్యూనిస్టు ప్రభుత్వం ఏర్పడ్డాక విద్యార్థులు వచ్చే దిక్కు మారింది. 1950లో రొమేనియా, హంగరీ, బల్గేరియా, పోలండ్, చెకొస్లొవేకియాల నుంచి 33 మంది సింఘువా విశ్వవిద్యాలయానికి చేరారు. నవ చైనాలో విదేశీ విద్యార్థులకు పెట్టిన తొలి చైనీస్ తరగతి అది. దాని బాధ్యత భౌతిక శాస్త్రవేత్త ఝౌ పెయ్‌యువాన్‌ది. 1952లో ఆ తరగతి పెకింగ్ విశ్వవిద్యాలయానికి మారింది. 1958లో ప్రభుత్వం పిన్యిన్ అనే రోమన్ లిపి పద్ధతిని ఆమోదించింది. విదేశీయుల కోసం రాసిన పాఠ్యపుస్తకం ఆ ఏడే అచ్చయింది. 1962లో విడిగా ఏర్పడిన విదేశీ విద్యార్థుల సన్నాహక పాఠశాల 1964లో బీజింగ్ భాషా సంస్థగా పేరు మార్చుకుంది. 1966లో సాంస్కృతిక విప్లవం మొదలై పాఠాలు ఆగిపోయాయి. ఈ కాలమంతా అమెరికన్లకు ప్రధాన భూభాగంలో ప్రవేశం లేదు. వారు తైవాన్‌కు వెళ్లి, తైపేలోని శిక్షణ కేంద్రాల్లో మాండరిన్ నేర్చుకున్నారు.

1973లో బీజింగ్ భాషా సంస్థ మళ్లీ విద్యార్థులను చేర్చుకుంది. ఈసారి బ్రిటన్, ఫ్రాన్స్, కెనడాల నుంచీ వచ్చారు. సాంస్కృతిక విప్లవం ఇంకా ముగియలేదు. చదువులో భాగంగా ఫ్యాక్టరీల్లో, కమ్యూన్‌లలో పనిచేయడం ఉండేది. 1975–76లో అక్కడున్న బ్రిటిష్ విద్యార్థిని ఫ్రాన్సిస్ వుడ్ తర్వాత రాసిన జ్ఞాపకాల పుస్తకానికి ‘పెకింగ్‌లో గ్రెనేడ్ సాధన’ అన్న అర్థం వచ్చే పేరు పెట్టింది. గ్రెనేడ్ విసరడం అక్కడి వ్యాయామ పాఠాల్లో ఒకటి.

1978 మలుపు. ఆ ఏడాది అక్టోబరులో ఝౌ పెయ్‌యువాన్ నాయకత్వంలో ఒక బృందం వాషింగ్టన్ వెళ్లి విద్యార్థుల మార్పిడికి ఒప్పందం కుదుర్చుకుంది. ఇరవై ఎనిమిదేళ్ల క్రితం తూర్పు యూరప్ విద్యార్థుల తరగతి నడిపిన వ్యక్తే అమెరికన్లకూ దారి తెరిచాడు. అదే కాలంలో బీజింగ్‌లో స్వల్పకాలిక కోర్సులు మొదలయ్యాయి. ఏళ్ల గడువు లేకుండా కొన్ని వారాలకో, ఒక సెమిస్టర్‌కో వచ్చి వెళ్లే వీలు కలిగింది. 1981లో వచ్చిన ‘షియోంగ్ హన్యూ కెబెన్’ పాఠ్యపుస్తకంలోని గుబో, పలాంక అనే ఇద్దరు విద్యార్థి పాత్రలు తరగతి గదుల్లో అందరికీ తెలిసిన పేర్లయ్యాయి. 1980లలో అమెరికా సంస్థలు చైనా విశ్వవిద్యాలయాలతో కలిసి సెమిస్టర్ కోర్సులు నిర్వహించసాగాయి. 1993లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం బీజింగ్ నార్మల్ విశ్వవిద్యాలయంలో వేసవి శిక్షణ ప్రారంభించింది.

ఇలాంటి కోర్సుల్లో రోజు గడిచే తీరు దాదాపు ఒకటే. ఉదయం క్లాసు ‘టింగ్‌షియే’తో మొదలవుతుంది. ఉపాధ్యాయుడు మాట పలుకుతాడు, విద్యార్థి అక్షరాలు రాస్తాడు. గీతల వరస తప్పితే దిద్దిస్తారు. ఆపై కొద్దిమంది గుంపులో వాక్యాల అభ్యాసం, మధ్యాహ్నం ఉపాధ్యాయుడితో ఒక్కరొక్కరుగా సంభాషణ. కొన్ని కోర్సుల్లో చేరేటప్పుడే ఒక ప్రతిజ్ఞ మీద సంతకం చేయాలి: కోర్సు ముగిసేదాకా క్లాసులోనూ బయటా చైనీస్ తప్ప మరో భాష మాట్లాడకూడదు. కాలిగ్రఫీ, తైచీ, వంట పాఠాలు, చారిత్రక స్థలాల సందర్శన సంస్కృతి భాగంలోకి వస్తాయి. నాలుగైదు నెలల్లో పండితులు కాలేరు. బజారులో బేరమాడటం, దారి అడగడం, రైలు టికెట్ కొనుక్కోవడం మాత్రం సాధ్యపడుతుంది.

నేర్చినదాన్ని కొలిచే కొలబద్ద హెచ్‌ఎస్‌కే పరీక్ష. 1990లో చైనాలో అధికారికంగా మొదలైన ఈ పరీక్ష 2010 నాటికి ఆరు స్థాయిలుగా మారింది. ఆ పద్ధతిలో తొలి స్థాయికి 150 మాటలు, ఆరో స్థాయికి 5,000కు పైగా అవసరమయ్యేవి. 2018లో చైనాలో చదివిన విదేశీ విద్యార్థులు 4,92,185 మంది. వారిలో దాదాపు సగం మంది పట్టా కోసం కాక భాషా కోర్సులు, సెమిస్టర్ చదువుల వంటి వాటి కోసం వచ్చినవారే. 2020 మార్చిలో కోవిడ్ కారణంగా సరిహద్దు మూసేయడంతో ఈ ప్రవాహం ఒక్కసారిగా ఆగింది. 2011–12లో చైనాకు వెళ్లిన అమెరికా విద్యార్థులు 14,887 మంది కాగా, 2021–22లో 211 మందే.

భారతదేశంలో ఈ చదువుకు 1937లో శాంతినికేతన్‌లో ఏర్పడిన చీనా భవన్ ఆధారమైంది. దాన్ని నిలబెట్టినవాడు చైనా పండితుడు తాన్ యున్‌షాన్. 1947 తర్వాత కొందరు భారతీయ విద్యార్థులు పెకింగ్ వెళ్లి చదివారు. 1962 యుద్ధంతో ఆ దారి మూసుకుపోయి, 1988లో రాజీవ్ గాంధీ పర్యటన తర్వాత మెల్లగా తెరుచుకుంది. 2018 లెక్కల్లో చైనాలోని భారతీయ విద్యార్థులు 23,198 మంది. వారిలో ఎక్కువమంది ఎంబీబీఎస్ విద్యార్థులు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుంచి వెళ్లినవారూ వారిలో ఉన్నారు. కోవిడ్ కాలంలో ఇళ్లకు వచ్చి చిక్కుకుపోయినవారికి 2022 ఆగస్టులో గానీ మళ్లీ వీసాలు మొదలుకాలేదు.

వైద్య పాఠాలు ఇంగ్లీషులో సాగినా, ఆస్పత్రి వార్డులో రోగి మాట్లాడేది చైనీస్. అందుకే క్లినికల్ శిక్షణకు హెచ్‌ఎస్‌కే నాలుగో స్థాయి తప్పనిసరి అనీ, అది దాటనివారికి పట్టా రాదనీ బీజింగ్‌లోని భారత రాయబార కార్యాలయం విద్యార్థులను హెచ్చరించింది. ఒకప్పుడు భాష నేర్పినవాడికి శిక్ష పడేది, ఇప్పుడు నేర్చుకోనివాడికి డిగ్రీ దక్కదు. చైనాకు వెళ్లదలచిన విద్యార్థి ఫీజులతో పాటు ఈ భాషకు పట్టే కాలాన్నీ బయలుదేరకముందే లెక్క వేసుకోవాలి.