సద్దిమూట పుట్టుపూర్వోత్తరాలు

దారిలో తినడానికి ఇంటి దగ్గరే సిద్ధం చేసుకునే తిండిలో పేలపిండి, అటుకులు బాగా పాతవి. ఈ రెండింటికీ నిప్పుతో పని బయలుదేరకముందే తీరిపోతుంది. గింజలను పేలాలుగా వేయించి విసిరితే పిండి. నానిన వడ్లను వేయించి వేడిమీదే దంచితే అటుకులు. తడి ఆరిపోయిన గింజకు తొందరగా బూజు పట్టదు కాబట్టి రోజుల తరబడి నిలవుంటాయి. మజిలీలో పొయ్యి లేకపోయినా ఇన్ని నీళ్ళో మజ్జిగో పోసి, బెల్లం ముక్క కలుపుకుంటే ఆకలి తీరుతుంది. ఇలాంటి పిండి సక్తువు పేరుతో ఋగ్వేదంలోనే కనిపిస్తుంది. ద్వారకకు బయలుదేరిన కుచేలుడి కొంగున ఉన్నవీ అటుకులే.

పొద్దున పోయి సాయంత్రానికి తిరిగొచ్చేవాళ్ళకు ఇంత ఎండు తిండి అక్కర్లేదు. వాళ్ళది చద్దన్నం. రాత్రి అన్నంలో మజ్జిగ కలిపి ఉంచితే తెల్లారేసరికి పులుస్తుంది. ఆ పులుపు అన్నాన్ని పాడుచేసే సూక్ష్మజీవులను చాలావరకు అడ్డుకుంటుంది. 15వ శతాబ్దపు పోతన భాగవతంలో, దశమ స్కంధంలో, గోపబాలురు కృష్ణుడితో కలిసి అడవిలో చల్దులు తినే ఘట్టం ఉంది. అందులో ఊరగాయలు కూడా ఉన్నాయి. అయితే అప్పటికి మిరపకాయ ఇంకా ఈ దేశానికి రాలేదు. పోర్చుగీసుల రాక తర్వాతే వచ్చింది. అంతకుముందు ఊరగాయలు కారంపొడి లేకుండానే నిలవున్నాయి. నిలవకు అసలు ఆధారం ఉప్పు, పులుపు, నూనె.

ఒక పూటకు మించిన ప్రయాణానికి తెలుగువాళ్ళు ఎంచుకున్న గొప్ప ఉపాయం పులిహోర. దీన్ని పండగ వంటగా మాత్రమే చూడడం దానికి అన్యాయం చేయడమే. అన్నం పొడిపొడిగా వండి, వెడల్పాటి పళ్ళెంలో ఆరబోసి, వేడి తగ్గకముందే పసుపూ నూనే పట్టిస్తారు. చింతపండు గుజ్జును నూనె తేలేదాకా ఉడికించి కలుపుతారు. గుజ్జులో నీరు మిగలకూడదు. ఉల్లిపాయ వెయ్యరు. అన్నం ఉడికినా చావకుండా మిగిలే కొన్ని సూక్ష్మజీవుల బీజాలు గోరువెచ్చటి తేమలో మళ్ళీ మొలకెత్తుతాయి, చింతపండు పులుపు వాటిని ఎదగనివ్వదు. అయినా గోరువెచ్చటి తేమ మిగలకూడదు కాబట్టే, పూర్తిగా చల్లారకుండా మూట కట్టవద్దని పెద్దవాళ్ళు గట్టిగా చెప్పేవారు. వేడి అన్నం ఆవిరి మూతకు పట్టి, నీరై మళ్ళీ మెతుకుల మీదే పడుతుంది. పాసిపోవడం అక్కడే మొదలవుతుంది.

దద్ధ్యోజనంలో నేర్పు మరో రకం. మెత్తగా వండి చల్లార్చిన అన్నంలో కాచి చల్లార్చిన పాలు ఎక్కువగా పోసి, ఒక చెంచా పెరుగు మాత్రమే కలుపుతారు. పాలు దారిలోనే తోడుకుంటాయి, తినే వేళకు అన్నం కమ్మగా ఉంటుంది. పూర్తిగా పెరుగుతోనే కలిపితే మధ్యాహ్నానికి నోట పెట్టలేనంత పులుస్తుంది. వీటిని నిప్పు సెగ మీద వాడ్చిన అరిటాకులోనో, మోదుగ విస్తరిలోనో పొట్లం కట్టేవారు.

నెలల తరబడి సాగే యాత్రలకు ఇవేవీ చాలవు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న కుటుంబంతో, సుమారు 100 మంది పరివారంతో కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగొచ్చాడు. పల్లకీలు, డేరాలతో సాగిన ఆ ప్రయాణాన్ని వివరించే కాశీయాత్ర చరిత్ర 1838లో అచ్చయింది. ఏ మజిలీలో బజారు ఉంది, ఏ వస్తువులు దొరుకుతాయి, నీళ్ళకు వసతి ఎలా ఉంది అనే వివరాలు అందులో ఊరూరికీ కనిపిస్తాయి. అంతమందికి తిండి పెట్టాలంటే వంట కన్నా ముందు ఈ లెక్కలే కావాలి.

ఇంటి తిండినే మోసుకుపోవడానికి ఇంకో కారణమూ ఉంది. పరాయి కులం చేతి వంట తినకూడదన్న కట్టుబాటు ప్రయాణాల్లోనూ వెంటాడింది. రైలు వచ్చాక కూడా అది పోలేదు, స్టేషన్లలో తాగే నీళ్ళు సైతం మతాలవారీగా విడిగా పెట్టారు. 1856లో మద్రాసు రాయపురం నుంచి వాలాజా రోడ్డుకు దక్షిణాదిలో తొలి ప్రయాణికుల రైలు నడిచింది. క్రమంగా వారాల ప్రయాణాలు రోజుల్లోకి దిగాయి. దాంతో బియ్యం, పప్పుల బస్తాల అవసరం తగ్గి, వండిన తిండి మూటకు ప్రాధాన్యం పెరిగింది. గిన్నె మీద గిన్నె పేర్చే కారియరు ఆ మూట స్థానంలోకి వచ్చింది. మొదట ఇత్తడి, తర్వాత స్టీలు. కళాయి వేయని ఇత్తడిలో చింతపండు పులుసు కిలమెక్కుతుంది. స్టీలుతో ఆ బెడద పోయింది.

కుటుంబమంతా ఆరుబయట మకాం వేసే ప్రయాణానికి మేడారం జాతర మంచి ఉదాహరణ. రెండేళ్ళకోసారి మాఘ పౌర్ణమికి జరిగే ఈ సమ్మక్క సారలమ్మ జాతరకు జనం ఎడ్లబండ్లు కట్టుకుని తాడ్వాయి అడవిలోకి వచ్చేవారు. ఇప్పుడు బస్సులు, వ్యాన్లు ఎక్కువ. బియ్యం, నూనె, కారం, మసాలా పొడులు ఇంటి దగ్గరే కొలిచి మూటలు కడతారు. మొదటి పూటకు వండిన సద్ది వెంట ఉంటుంది. కోడినీ మేకనూ ప్రాణంతోనే తీసుకుపోతారు కాబట్టి మాంసం నిలవచేసే చిక్కే ఉండదు. మొక్కు తీరాక అక్కడే కోసి, మూడు రాళ్ళ పొయ్యి మీద వండుకుంటారు.

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు కారులో జాతీయవనాలకు వెళ్ళి గుడారాలు వేసేటప్పుడు ఈ వరసే పనికొస్తోంది. తేడా ఐసుపెట్టె. మసాలా పట్టించిన కోడిమాంసాన్ని గడ్డకట్టించి అడుగున పెడితే అది కరిగేదాకా మిగతావాటికి చల్లదనం ఇస్తుంది. పాలూ పెరుగూ పైన. పెట్టె లోపలి ఉష్ణోగ్రత 4 డిగ్రీల సెల్సియస్ దాటకూడదు. మొదటి మధ్యాహ్నం పులిహోర, ఆ రాత్రో మర్నాడో మాంసం, ఆ తర్వాత కందిపొడి, ఊరగాయ, అటుకులు. అంటే చెడిపోయే తొందరను బట్టి తినే వరస. యోసెమిటీ లాంటిచోట్ల రాత్రి కారులో తిండి ఉంచకూడదు. వాసన పట్టి ఎలుగుబంట్లు తలుపులు విరిచేస్తాయి. అందుకని ఐసుపెట్టె నుంచి ఊరగాయ సీసా దాకా అన్నీ అక్కడ అమర్చిన ఇనప పెట్టెల్లోకి మార్చి గొళ్ళెం పెట్టాలి.