కాలిఫోర్నియా పింఛనుదారుల బీమా కథ

ముప్ఫై ఏళ్లు ఆఫీసు లెక్కలు రాసిన నాకు ఈ లెక్క నిద్ర పట్టనివ్వలేదు. 1995లో అమెరికాలోని కాలిఫోర్నియా ప్రభుత్వోద్యోగుల పింఛను సంస్థ 'కాల్‌పర్స్' ఓ బీమా పెట్టింది. ముసలితనంలో మంచాన పడితే సంరక్షణ ఖర్చు అదే భరిస్తుంది. ధరలతోపాటు ఏటా 5 శాతం రక్షణ పెరిగే పాలసీలూ అందులో ఉన్నాయి. కొందరు మధ్యలో మానేస్తారనీ, పెట్టుబడులపై రాబడి బాగుంటుందనీ బీమా రంగం అంచనా. పెద్దలు పాలసీ వదలలేదు (అదే వారి నేరమైంది!), రాబడి పడిపోయింది.

2012లో అలాంటి పాలసీలకు 85 శాతం పెంపు ప్రకటించి, 2015, 2016లలో రెండు విడతలుగా వేశారు. భరించలేకపోతే రక్షణ తగ్గించుకోమన్నారు. అన్నేళ్లు కట్టిన డబ్బు మాటేమిటి? 2013లో పాలసీదారులు కోర్టుకెక్కారు. రాజీ కుదిరింది 2023లో. దావా వేసినప్పుడు డెబ్బై అయిదేళ్లున్న వారికి అప్పటికి ఎనభై అయిదు.