రాత్రివేళ చేపలతొట్టెకు ఊపిరి



ఈమధ్య మన చల్లపల్లి వంటి ఊళ్ళలో కూడా గాజుతొట్టెలో రంగుచేపల్ని పెంచడం మామూలైపోయింది. పిల్లలు ముచ్చటపడి తెప్పించుకుంటారు. హాల్లో చోటు చాలక తొట్టె పడకగదికి చేరుతుంది. రాత్రి దీపాలు ఆర్పేసరికి ఫిల్టరు మోటారు జుయ్యిమంటూ, నీళ్ళు బుడబుడమంటూ వినిపించడం మొదలవుతుంది. "పగలంతా ఆడింది గదా, రాత్రి ఆపేస్తే ఏం పోయింది? చేపలూ పడుకుంటాయి, మనమూ పడుకుంటాం, కరెంటూ కలిసొస్తుంది" అనిపిస్తుంది. ఇల్లాలికి అలా అనిపించడంలో తప్పేమీ లేదు. కాని స్విచ్చి మీద చెయ్యి వేసేముందు, ఆ చప్పుడు మన ఇళ్ళలోకి ఎందుకు వచ్చిందో కాస్త తెలుసుకుందాం. దాని వెనక రెండువందల యాభై ఏళ్ళ చరిత్ర వుంది. ఆ చరిత్రలో ఆడవాళ్ళ చెయ్యి కూడా వుంది.

ముందుగా ఒక చిన్న లెక్క. చేపకు కూడా మనలాగే ప్రాణవాయువు కావాలి. నీళ్ళలో కరిగిన ప్రాణవాయువును అది మొప్పలతో తీసుకుంటుంది. మనం పీల్చే గాలి లీటరులో ప్రాణవాయువు సుమారు 270 మిల్లీగ్రాములుంటే, 30 డిగ్రీల వేడి వున్న లీటరు నీళ్ళలో అది నిండుగా కరిగినా 7.5 మిల్లీగ్రాములకు మించదు. మంచులా చల్లబడిన నీళ్ళలోనైతే 14 దాటుతుంది. అంటే నీళ్ళు వేడెక్కినకొద్దీ చేపకు ఊపిరి తరుగుతుందన్నమాట. మన కృష్ణాతీరపు వేసవి రాత్రులు ఎలా వుంటాయో మీకు వేరే చెప్పాలా?

ఇంగ్లండులో జోసెఫ్ ప్రీస్ట్‌లీ అనే ఆయన 1771లో ఒక చిత్రం చూశాడు. మూసిపెట్టిన గాజుపాత్రలో కొవ్వొత్తి వెలిగిస్తే కాసేపటికి ఆరిపోయింది. ఆ గాలిలోనే పుదీనా రెమ్మ ఒకటి పెట్టి పదిరోజులు వుంచితే, మళ్ళీ కొవ్వొత్తి వెలిగింది. మొక్క చెడిన గాలిని బాగుచేస్తుందని అందరూ సంతోషించారు. కాని ఆ ప్రయోగం కొందరికి కుదిరింది, కొందరికి కుదరలేదు. ఎందుకు కుదరలేదో యాన్ ఇంగెన్‌హౌస్ అనే డచ్చి వైద్యుడు తేల్చాడు. 1779 వేసవిలో ఆయన లండను దగ్గర ఒక ఇంట్లో కూర్చుని వందల ప్రయోగాలు చేశాడు. నీళ్ళలో ముంచిన ఆకుల మీదనుంచి ఎండలో బుడగలు లేచాయి. అది మంచి గాలి. చీకటి పడగానే ఆ పని ఆగిపోయింది. అంతేకాదు, అవే ఆకులు రాత్రిపూట గాలిని పాడుచేయసాగాయి. మొక్కలు పగలు ఇచ్చేవే, రాత్రి మాత్రం మనలాగే తీసుకునేవి! మన తొట్టె కథకు ఇదే కీలకం. నీళ్ళకు కష్టకాలం పగలు కాదు, రాత్రి.

ఇక తొట్టె సంగతికి వద్దాం. నీటి జీవుల్ని గాజుతొట్టెలో వుంచి శాస్త్రీయంగా పరిశీలించిన తొలివారిలో ముందు చెప్పుకోవలసింది ఒక స్త్రీని. ఆమె పేరు జాన్ విల్‌ప్రూ పవర్. ఫ్రాన్సు పల్లెటూళ్ళో పుట్టి, పారిస్‌లో బట్టలు కుట్టి బతికిన మనిషి. పెళ్ళయ్యాక సిసిలీ ద్వీపంలోని మెస్సీనాలో కాపురం పెట్టింది. ఆర్గోనాట్ అనే సముద్రజీవి తన గుల్లను తానే కట్టుకుంటుందా, ఇంకొకదాని గుల్లలో దూరుతుందా అని పండితులు వాదులాడుకుంటుంటే, ఆమె 1832లో గాజుతొట్టెలు చేయించి, వాటిని పెంచి చూసి, తానే కట్టుకుంటుందని రుజువుచేసింది. ఆమెకు సముద్రం గుమ్మంలోనే వుంది కాబట్టి కొత్త నీళ్ళకు కరువు లేదు.

సముద్రం దగ్గరలో లేనివాళ్ళ మాటేమిటి? ఆ చిక్కు వచ్చినావిడ ఆనా థిన్. లండనులో వెస్ట్‌మినిస్టర్ చర్చి మతాధికారి భార్య. 1846లో టార్కీ అనే సముద్రపు ఒడ్డు ఊరికి వెళ్ళినప్పుడు పగడపు జాతి జీవుల్ని చూసి మోజుపడి, లండనుకు తెచ్చుకుంది. నీళ్ళు చెడితే అవి చచ్చిపోతాయి. రోజూ సముద్రపు నీళ్ళు తెప్పించడం అయ్యే పని కాదు. అప్పుడామె ఒక ఉపాయం చేసింది. మనం కాఫీ చల్లార్చడానికి గ్లాసులోంచి గ్లాసులోకి పైనుంచి వంచుతాం చూడండి, అచ్చం అలాగే ఆ నీళ్ళను తెరిచిన కిటికీ ముందు ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి అరగంట, ముప్పావుగంట సేపు పోయించేది. పోసింది ఎవరనుకున్నారు? ఇంట్లోని చిన్న పనిపిల్ల. ఆ పిల్ల చేతుల కష్టం మీద ఆ జీవులు లండను నడిబొడ్డున బతికాయి. ఆనా థిన్ ఈ సంగతంతా 1859లో ఒక శాస్త్రపత్రికలో రాసింది.

మన దేశంలోనూ ఈ కిటుకు తెలియనిదేమీ కాదు. బెంగాలులో చేపపిల్లల్ని కుండల్లో మోసుకుపోయేవాళ్ళు దారిపొడుగునా ఆ నీళ్ళను కదుపుతూనే నడిచేవారు. కదలని నీటికి పైపొరలోనే గాలి అందుతుంది. కదిలిన నీటికి అడుగుదాకా అందుతుంది. ఇవాళ మీ తొట్టెలో బుడబుడమనే ఆ యంత్రం ఆ పనిపిల్ల పని, ఆ కుండలు మోసినవాళ్ళ పని చేస్తోంది.

చేతిపని లేకుండా చేయాలని కూడా ప్రయత్నాలు జరిగాయి. రాబర్ట్ వారింగ్‌టన్ అనే రసాయన శాస్త్రవేత్త 1850లో, నీటిమొక్కలూ నత్తలూ గోల్డ్ ఫిష్షులూ సరైన పాళ్ళలో వుంటే నీళ్ళు మార్చకుండానే తొట్టె నడుస్తుందని చూపించాడు. 1853లో లండను జంతుప్రదర్శనశాలలో చేపలకు ప్రత్యేకంగా ఒక భవనమే తెరిచారు. అయితే పాళ్ళు అన్న మాట గమనించండి. పెద్ద తొట్టెలో రెండు చేపలకు చెల్లే లెక్క, చిన్న తొట్టెలో డజను చేపలకు చెల్లదు. రాత్రయితే మొక్కలు కూడా చేపలతో వాటాకు వస్తాయి గదా!

ఫిల్టరుకు ఇంకో పనీ వుంది. చేపల మలమూత్రాలలోంచీ, మిగిలిన మేతలోంచీ అమ్మోనియా పుడుతుంది. అది చేపకు విషం. ఆ విషాన్ని విరిచి, అంతగా హాని చేయని నైట్రేటుగా మార్చే సూక్ష్మజీవులున్నాయని రష్యా శాస్త్రవేత్త సెర్గీ వినోగ్రాడ్‌స్కీ 1890లో నిరూపించాడు. అటువంటివే మీ ఫిల్టరులోని స్పాంజికి పట్టుకుని కాపురముంటాయి. వాటికీ ఊపిరి కావాలి. రాత్రంతా నీళ్ళు పారకపోతే మూసివున్న ఫిల్టరులో అవి ఉక్కిరిబిక్కిరై చావడం మొదలెడతాయి. పొద్దున్నే స్విచ్చి వేస్తే ఆ మురిగిన నీళ్ళన్నీ తొట్టెలోకే వస్తాయి.

ఇదంతా పరాయిదేశపు కథ అనుకోకండి. చల్లపల్లి నుంచి మోపిదేవి మీదుగా అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు వైపు చీకటి పడ్డాక వెళ్ళి చూడండి. రొయ్యల చెరువుల్లో చక్రాలు నీళ్ళను చిలుకుతూ తిరుగుతుంటాయి. 2009లో మన దేశంలో వనామీ రొయ్య పెంపకానికి అనుమతి వచ్చాక ఈ ఏరేటర్లు బాగా పెరిగాయి. చెరువు నీళ్ళలోని పచ్చని నాచు పగలు ప్రాణవాయువునిస్తుంది, రాత్రి తానే తీసుకుంటుంది. తెల్లవారబోయే ముందు అది మరీ అడుగంటుతుంది. ముసురు పట్టిన రోజైతే మరీ ప్రమాదం. అందుకే రైతు రాత్రి కరెంటు పోతే పరుగున లేచి జనరేటరు వేస్తాడు. ఒక్క రాత్రి ఆ చక్రాలు ఆగితే నెలల పెట్టుబడి తెల్లారేసరికి చెరువు పాలవుతుంది. ఇంగెన్‌హౌస్ 1779లో చూసిందే ఇక్కడ మన రైతు రోజూ చూస్తున్నాడు.

మరయితే గంటసేపు కరెంటు పోతే చేపలు చస్తాయా అంటే, వెడల్పాటి తొట్టెలో కొద్ది చేపలే వుంటే చావవు. కొరమీను నీటిపైకి వచ్చి గాలి మింగుతుంది. అందుకే బజారులో కొద్ది నీళ్ళున్న బేసినులో కూడా బతికుంటుంది. ఫైటరు చేప కూడా పైనుంచి గాలి తీసుకోగలదు. గోల్డ్ ఫిష్షుకు అంత వీలు లేదు. పొద్దున్నే మీ చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తుంటే, అది ఆట కాదమ్మా, ఆయాసం.

మన నిద్ర మాటేమిటంటారా? చప్పుడును తగ్గించుకుందాం, ఊపిరిని ఆపొద్దు. గాలి మోటారు కింద మందపాటి గుడ్డ మడతపెట్టండి. గోడకూ బల్లకూ తగలకుండా చూడండి. దాన్ని నీటిమట్టానికి పైన వుంచితే కరెంటు పోయినప్పుడు నీళ్ళు గొట్టంలోంచి వెనక్కి రావు. ఫిల్టరు నీళ్ళు ఎత్తునుంచి పడి చప్పుడవుతుంటే, తొట్టెలో నీటిమట్టం కాస్త పెంచండి. మోటారు రెక్కకు పట్టిన పాచి, ప్లగ్గు తీసేసి కడగండి. స్పాంజిని మాత్రం కుళాయికింద పెట్టి తోమకండి. క్లోరినుకు ఆ మేలుచేసే సూక్ష్మజీవులు చస్తాయి. తొట్టెలోంచి తీసిన నీళ్ళలోనే పిండితే చాలు. మేత తగ్గించండి. చోటు చూసి తొట్టెను హాల్లోకి మార్చగలిగితే అంతకన్నా మేలు లేదు. ఇవేవీ కుదరకపోతే చేపల్ని తగ్గించుకోండి.

నిజానికి మనకు చప్పుడు కొత్త కాదు. నెత్తిమీద ఫాను గిరగిర తిరుగుతుంటే హాయిగా పడుకుంటాం. అది ఆగితేనే మెలకువ వస్తుంది. చేపకు మెలకువ వచ్చినా, లేచి మనల్ని పిలవలేదు. పిల్లల ముచ్చటకోసం ఇంటికి తెచ్చుకున్న ప్రాణం గనక, రాత్రి దాని ఊపిరి బాధ్యత మనదే.

ఇక సెలవు.